తొమ్మిది తినరాదులు

ఉగాది లోపల మనవరాలికి చదువు రావాలని శివమ్మ పట్టుబట్టింది.

కళ్యాణికి నాలుగేళ్లు. మంఖాల్‌లో ఇల్లు. జూన్‌లో శంషాబాద్‌లో ఎల్‌కేజీ. సీటు కావాలంటే అట్టల మీద రాసిన పేర్లు పిల్ల చదివి చూపాలని స్కూలు వాళ్లు చెప్పారు. తల్లి శ్రీలత రోజూ సాయంత్రం పలక పట్టుకుని కూర్చునేది. విమానాశ్రయం మొదలై ఐదేళ్లు. విమానం ఇంటి మీదుగా దిగుతుంటే చదువు ఆగేది. అది పోయాక మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలు.

"జూన్ దాక టైముంది గదా అత్తమ్మా, ఉగాదికే ఏం తొందర?" అంది శ్రీలత.

"చిన్నప్పుడే నేర్పాలె. నాకైతే ఎవలు నేర్పలే," అంది శివమ్మ.

అసలు తొందర వంటింటి గోడ మీద ఉంది.

దసరా పోయాక ఊళ్లో ఉచిత షుగర్ క్యాంపు పెట్టారు. కొడుకు మల్లేశ్వర్ విమానాశ్రయం కార్గోలో డ్యూటీకి సెలవు పెట్టి తల్లిని బండి మీద తీసుకుపోయాడు. వరసలో నిలబడ్డ వాళ్లందరికీ వేలు పొడిచి రక్తం చూశారు. రిపోర్టులు మల్లేశ్వర్ ఒక్కడే లోపలికి పోయి తెచ్చాడు. ఇద్దరూ ఇల్లు చేరేసరికి ఆశా వర్కర్ భాగ్యమ్మ ప్రహరీ గోడ మీది నుంచి అడిగింది.

"మీ ఇంట్ల ఒకలికి షుగర్ తేలిందంటగా?"

మల్లేశ్వర్ భార్య వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. తల వంచుకున్నాడు.

"అమ్మకు," అన్నాడు.

మందులు ఇప్పుడే వద్దు, తిండి తగ్గిస్తే చాలన్నారట. ఏం తినకూడదో రాసిన కాయితం జేబులోంచి తీసి, తానే వంటింట్లో అంటించాడు. ఆ పైన మేకు కొట్టి క్యాలెండర్ తగిలించాడు. కాయితం పై అంచు క్యాలెండర్ కిందికి పోయింది.

ఆ రోజు నుంచి శివమ్మకు రెండు పూటలా జొన్నరొట్టె, ఆకుకూర. శ్రీలత కాయితం చూసి వండేది, కాయితం చూసి వడ్డించేది. తల్లి వంతు తీపి పారేయడం ఎందుకని మల్లేశ్వర్ తినేవాడు. తిన్నాక రెండు చెంబుల నీళ్లు తాగేవాడు.

"పండుగ నాడన్న ఒకటి తినొచ్చని రాసుంటదిరా. జర మంచిగ సూడు," అని శివమ్మ కొడుకును బతిమాలింది.

"డాక్టర్లు రాసింది మనం మార్చొద్దమ్మా," అన్నాడు మల్లేశ్వర్, ఆమె వంతు జిలేబీ నములుతూ.

కోడల్ని అడిగితే పైనుంచి కింది దాకా గడగడా చదివేది. అన్నీ తినరాదులే.

శివమ్మ ఆలోచించింది. ఈ ఇంట్లో ఇద్దరికి చదువొచ్చు. ఆ ఇద్దరికీ అబద్ధాలు కూడా వచ్చు. చదువొచ్చి, అబద్ధం రాని మనిషి ఒకరు కావాలి. అందుకు నాలుగేళ్లే సరైన వయసు.

ఆ సాయంత్రం నుంచి ఆమె కూడా పలక పక్కన చేరింది. పిల్ల ఒక మాట చదివితే నాలుగు పల్లీలు.

శ్రీలత ముందు ఇంట్లో వాళ్ల పేర్లు నేర్పింది. నానమ్మ పేరు వారంలో వచ్చింది. అమ్మ పేరుకు నెల పట్టింది. తండ్రి పేరు దగ్గర బండి ఆగిపోయింది. సగం దాకా వచ్చి కళ్యాణి పల్లీలకు చెయ్యి చాపేది.

"నా పేరు చదివిన్నాడు నీకు సీటొచ్చినట్టే బిడ్డా," అనేవాడు మల్లేశ్వర్.

"గంత కష్టం పేరు ఎందుకు పెట్టుకున్నవ్ బాపు?"

"నేను పెట్టుకోలే. మీ నానమ్మనడుగు."

కళ్యాణి తనంతట తాను చదివిన మొదటి మాట పలక మీదిది కాదు. గోడ మీది 'తినరాదు'. కాయితంలో అది తొమ్మిది చోట్ల ఉంది. అయినా శివమ్మ నాలుగు పల్లీలు లెక్కపెట్టి ఇచ్చింది.

ఉగాది వచ్చేసరికి పిల్ల చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదువుతోంది. శ్రీలత పూర్ణం పెట్టి పోలెలు కాలుస్తోంది. బెల్లం, నెయ్యి కలిసిన వాసన వాకిలి దాకా పోతోంది. మల్లేశ్వర్ మూడో పోలె తింటున్నాడు. శివమ్మ తన జొన్నరొట్టెను పక్కకు నెట్టి, మనవరాలిని స్టూలెక్కించింది.

"ఉన్నది ఉన్నట్టు సదువు బిడ్డా. పండుగ అని యాడన్న ఉంటే గట్టిగ సదువు."

"ఏందత్తమ్మా, నా మీద నమ్మకం లేదా?" అంది శ్రీలత.

"ఉంది పిల్లా. తొందరల ఒక ముక్క ఇడిసిపెట్టినవేమోనని."

కళ్యాణి వేలు పెట్టి చదివింది. "తీపి... తినరాదు. ఆలుగడ్డ... తినరాదు. మామిడిపండు... తినరాదు."

మధ్యలో ఒక విమానం పోయింది. అందరూ ఆగారు. మళ్లీ మొదటి నుంచి చదివింది. తొమ్మిదీ అయ్యాయి.

"పండుగ లేదు నానమ్మా."

శ్రీలత పెనం వైపు తిరిగి నవ్వింది. మల్లేశ్వర్ నాలుగోది అందుకున్నాడు.

"మీద సూడు బిడ్డా. క్యాలెండర్ కింద ఏమన్న ఉందేమో."

మల్లేశ్వర్‌కు పొలమారింది. "దాన్ని ముట్టకు! మేకు ఊడొస్తది!"

"ఊడితె మళ్ల కొడుదువు. నువ్వు ఎత్తు బిడ్డా."

కళ్యాణి క్యాలెండర్ ఎత్తింది. కింద ఒకటే వరస, పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

"గీడ గూడ తినరాదేనా?" అంది శివమ్మ.

"తినరాదు లేదు నానమ్మా. రోగి పేరు అని ఉంది," అంది కళ్యాణి.

ఆ పక్కకు వేలు జరిపి, ఒక్కో అక్షరం దగ్గర ఆగి, చివరికి స్టూలు మీద ఎగిరి చప్పట్లు కొట్టింది: "మ... ల్లే... శ్వ... ర్... బాపూ, నీ పేరు చదవొచ్చింది నాకు!"