కుచ్చు వేసిన ముడి

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద గిజిగాళ్ళ బడి ఉండేదండి, గూడల్లడం నేర్పే బడి. గూడు ముందుగా పూర్తిచేసినవాడే ఆ ఏటికి జట్టుపెద్ద. ఆ పెద్దరికం మీద ఆ బడిలోని కుచ్చు అనే కుర్ర గిజిగాడికి ఎంత మోజంటే, నిద్రలో కూడా గడ్డిపోచలు అల్లుతున్నట్టు ముక్కు ఆడించేవాడు. వాడి గూటికి ఇక లోపలికి దూరే గొట్టం ఒక్కటే తరువాయి. సరిగ్గా అప్పుడే ఈదురుగాలి లేచింది.

పక్క కొమ్మ మీద సీతాలు పిన్ని గొల్లుమంది. ముడి జారిపోయి, పిల్లలున్న గూడు ఒంటి పోచకు వేలాడుతోంది!

కుచ్చు తన గూటివైపు ఒకసారి చూసుకుని, పిన్ని దగ్గరికే ఎగిరాడు. ఒక్క ముక్కుతో పోచ పట్టుకోవడం, బిగించడం రెండూ ఎలా కుదురుతాయి?

"రండర్రా!" అని కేకేశాడు.

"అప్పుడే జట్టుపెద్దవైపోయావట్రా?" అన్నాడు వాడితో పోటీపడుతున్న పింజడు.

"నువ్వే అవ్వరా బాబూ! ముందీ కొస పట్టుకో!"

పింజడు వచ్చి పట్టాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ వచ్చారు. వాళ్ళు లాగిపట్టుకుంటే కుచ్చు ముడి బిగించాడు. పిల్లలు గట్టెక్కారు. కొమ్మ చివరనున్న కుచ్చు గూడు మాత్రం గాలికి ఎగిరిపోయింది.

మర్నాడు పింజడు గూడు పూర్తిచేసి జట్టుపెద్దయ్యాడు. కుచ్చు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి పింజడే వచ్చి వాలాడు.

"ఒరే, జట్టంతా నిన్నటి ముడి నేర్పమని నా ప్రాణం తీస్తోంది. నాకేం తెలుసు? ఎటు తిప్పావురా?"

కుచ్చు ముఖం విచ్చుకుంది. "నోటితో చెబితే రాదు. అందర్నీ తలో పోచ తెమ్మను, నా గూడు కడుతూ చూపిస్తా."

ఆ పూట ఆ కొమ్మ మీద వాలడానికి చోటు లేదంటే నమ్మండి!