గుడ్డబొమ్మకు ఊపిరి

ధరూర్ నుంచి ఆటోలో వచ్చిన ఆ ఆడమనిషి బడి అరుగు మీద కూర్చుని, సంచిలోంచి గుడ్డబొమ్మను తీసింది.

ఎనిమిది నెలల పిల్లంత బొమ్మ.

దాని రొమ్ము మీద రెండు వేళ్లు పెట్టి గబగబా నొక్కసాగింది. ముప్పై దాకా లెక్కపెట్టి, బొమ్మ నోరూ ముక్కూ కలిపి తన నోటితో మూసి, రెండుసార్లు ఊదింది. ఆపైన చెవి ఆనించి విన్నది.

ఏం వినిపించిందో, మళ్లీ మొదలుపెట్టింది.

బిందెతో పోతున్న నవనీత ఆగిపోయింది.

"ఏం జేస్తున్నవమ్మా?"

"పోయే పానాన్ని ఆపేది. పసిపిల్లలకు గిట్ల, పెద్దోళ్లకు రెండు చేతులతోని. జర కూసో, చూపిస్త. నీకు పిల్లలున్నరా?"

నవనీత జవాబు చెప్పకుండా ఇంటికొచ్చింది. అత్త సత్తెమ్మ విత్తనానికి పల్లికాయలు ఒలుస్తోంది. విషయం వినగానే ఆమె చెయ్యి ఆగింది.

"బాణామతిది గది. బొమ్మకు ఏం జేస్తే బిడ్డకు గదే అయితది. పిల్లగాని పేరు జెప్పినవా?"

"లేదత్తా."

"బతికించినవ్."

కాసేపటికే ఆ మాట వాడంతా పాకింది. అరుగు దగ్గరికి ఒక్కరూ పోలేదు. ఎవరో మాత్రం దూరంగా చెంబుతో నీళ్లు పెట్టి పోయారు. ఆమె తాగి, చెంబు కడిగి బోర్లించి, ఆటో కోసం బయలుదేరింది.

దారిలోనే సత్తెమ్మ ఇల్లు. నవనీత నీళ్లకు పోయింది. సత్తెమ్మ గింజలు నింపే సంచి కోసం లోపలికెళ్లింది. వాకిలంతా గింజలు. వాటి మధ్య నవనీత కొడుకు పాకుతున్నాడు.

సత్తెమ్మ బయటికొచ్చేసరికి వాకిట్లో ఆ బొమ్మ ఆమె ఉంది.

పిల్లవాడు ఆమె ముంజేతి మీద బోర్లా, తల కిందికి వేలాడుతూ ఉన్నాడు. ఆమె వాడి వీపు మీద కొడుతోంది. వాడు ఏడవడం లేదు.

తర్వాత వాణ్ని వెల్లకిలా తిప్పి, రొమ్ము మీద రెండు వేళ్లు పెట్టింది.

బొమ్మకు పెట్టినట్టే.

సత్తెమ్మ కేకకు వాడంతా ఉరికొచ్చింది. ఆమె మాత్రం పిల్లవాణ్ని మళ్లీ బోర్లా తిప్పింది. ఎవరో విసిరిన రాయి నుదుటికి తగిలినా చెయ్యి ఆగలేదు. ఇంకో దెబ్బ కొట్టింది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"సంపుతున్నది పసిగుడ్డును" అంటూ గుంజుకున్నారు.

ఆమె రక్తం కారుతుంటే ఆ ఏడుపు వింటూ నిలబడి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి జనం రెండడుగులు వెనక్కి వేశారు.

సాయంత్రం పిల్లవాడి అంగీ విప్పుతుంటే మెడ దగ్గరి మడతలో పల్లీ గింజ కనిపించింది. చొంగతో, సన్నటి రక్తపు చారతో అంటుకుని ఉంది.

నవనీత దాన్ని అత్త అరచేతిలో పెట్టింది.

మర్నాడు నవనీత భర్త హన్మంతు, బొమ్మ ఆమెను దించొచ్చిన ఆటో అతను చెప్పిన గుర్తుల మీద గద్వాలలో ఒక దవాఖానకు వెళ్లాడు.

"కళావతా?" అంది నర్సు లక్ష్మీదేవమ్మ. "నుదుటికి నాలుగు కుట్లేసిన. పొద్దుగాలనే పోయింది. ఏ ఊరో నాకూ చెప్పదు."

"తెల్వక కొట్టినమమ్మా. గామె కూడా నర్సేనా?"

"కాదు. నేనే నేర్పిన. ఊర్లల్ల కొడ్తరే అంటే వినదు. కొట్టినోళ్ల మీద కోపం గూడ చెయ్యదు."

"ఎందుకట్ల?"

లక్ష్మీదేవమ్మ చేతిలోని దూది పక్కన పెట్టింది.

"నాలుగేండ్ల కింద తిమ్మాజిపేట దిక్కు ఒక పిల్ల గొంతుల చింతగింజ ఇరికింది. నేను గిట్లనే తల కిందికి జేసి కొడుతుంటే, సంపుతున్నదని నా చేతులకెల్లి గుంజుకున్నది తల్లి. పిల్ల దక్కలే. గా తల్లే కళావతి."