ఎడమపక్క

డొక్కలు కమిలి నల్లబడ్డాయి. మొహం మాత్రం పెళ్లిచూపులకి బయల్దేరినవాడిలా కళకళలాడుతోంది.

"ఇదేం చోద్యం బావా!" అన్నాడు బావమరిది. "అన్ని రౌండ్లు తన్నులు తిని, మొహం మీద గీతైనా పడకుండా ఇంటికొచ్చినవాణ్ని నేనెక్కడా చూళ్లేదు."

అతను పేరుకే బావమరిది. పాతికేళ్లుగా రింగు మూలలో నీళ్ల సీసా పట్టుకుని నిలబడే శిక్షకుడు. శిక్షణ అతనిది, శిక్ష బావది.

బావని అందరూ 'సుత్తి' అంటారు. ఒకప్పుడు ఆ పిడికిలి సుత్తిలా పడేదని ఆ పేరొచ్చింది. ఇప్పుడు కనబడ్డవాణ్నల్లా ఆపి పాత పోటీల కథలు చెబుతున్నాడు కాబట్టి, పేరు మార్చాల్సిన అవసరం రాలేదు.

నిన్న అతన్ని ఓడించినవాడు 'బక్కోడు'. నిన్నటిదాకా ఎవరికీ తెలియని కుర్రాడు. గంట మోగింది మొదలు సుత్తికి ఎడమపక్కకే తిరిగాడు. ఎడమ డొక్కలోనే గుద్దాడు. సుత్తి గుడ్డిగా గుద్దితే, వాడు గురి చూసి గుద్దాడు. చివరికి సుత్తి మోకాళ్ల మీద కూలబడితే జనం ఈలలు వేశారు.

వంటింట్లో కుర్చీలో కూర్చున్నాడు సుత్తి. భార్య ఎడమపక్కన పీట వేసుకుని, గుడ్డలో ఐసు మూటగట్టి డొక్కకి అదుముతోంది. నీళ్లు బొట్టుబొట్టుగా నేల మీద పడుతున్నాయి.

"కొట్టడం చాలించి ఓ కొట్టు పెట్టుకో బావా," అన్నాడు బావమరిది. "గ్లవుజులూ బూట్లూ అమ్ముదాం. గల్లా దగ్గర నువ్వుంటే బేరమాడే మొనగాడు ఎవడు?"

సుత్తి నవ్వలేదు. నవ్వితే ఎముకలు కలుక్కుమంటాయి.

"నాది ముష్టియుద్ధంరా. ముష్టెత్తే రకం కాదు నేను. గడ్డం వాడికి ఎన్నిసార్లు అందిందో చూశావుగా? కొట్టలేదు. మొహాన్ని వదిలేశాడు. నాకు ముష్టి వేశాడు! వచ్చే నెల మళ్లీ వాడితోనే ఆడతా. వాడి చేతిలోనే రెండోసారి ఓడితే గ్లవుజులు అటకెక్కిస్తా. అప్పటిదాకా నోరెత్తకు."

"డాక్టరు ఏమన్నాడు? ఎడమ కన్ను ఎలాగూ పోయింది. మొహం మీద ఇంకొక్క గట్టి దెబ్బ పడితే కుడిది కూడా దాని దారే పడుతుందన్నాడా లేదా?"

ఎడమ కన్ను సంగతి బయట తెలిస్తే రింగు గడప తొక్కనివ్వరు. అందుకే పోటీకి ముందు జరిగే కంటి పరీక్ష కోసం ఆ అక్షరాల చార్టు మొత్తం బట్టీ కొట్టాడు. దగ్గర కూర్చుని వల్లె వేయించింది భార్యే. బళ్లో అక్షరమ్ముక్క అంటని మనిషి, ఆ చార్టుని మాత్రం కిందినుంచి పైకి కూడా అప్పజెప్పగలడు.

"నా కన్ను సంగతి ఎంతమందికి తెలుసురా?" అన్నాడు సుత్తి. గొంతు పెంచలేదు. అందుకే బావమరిది ఓ అడుగు వెనక్కి వేశాడు.

"మన ముగ్గురికే."

"డాక్టరుకి నేను లారీ డ్రైవర్నని చెప్పా. మరి బక్కోడు ఎలా కనిపెట్టాడు?"

"నాకేం తెలుసు బావా?"

"మానెయ్, మానెయ్ అని ఏడాదిగా నస పెడుతున్నది నువ్వు. నా మూలలో నిలబడేది నువ్వు. పక్కలో బల్లెం అంటే ఏంటో ఇన్నాళ్లకి తెలిసింది."

సుత్తి లేచాడు. బావమరిది చొక్కా పట్టుకుని గోడకి నొక్కాడు. పిడికిలి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. గోడ పెచ్చు ఊడిపడింది.

"చెప్పినవాళ్లెవరో రుజువు కానీ. అద్దంలో వాళ్ల మొహం వాళ్లే పోల్చుకోలేకుండా చేస్తా."

"అక్కా! నువ్వైనా చెప్పక్కా!"

ఆమె గుడ్డ పిండుతోంది. తమ్ముడి వంక చూడలేదు.

"ఆయనకి ఆడాలనుంటే ఆడనీరా," అంది. "నువ్వెళ్లు."

తమ్ముడు నలిగిన చొక్కా సర్దుకున్నాడు. నీళ్ల సీసా గడప దగ్గర పెట్టి, పాతికేళ్ల చుట్టరికానికి నీళ్లొదిలేసి వెళ్లిపోయాడు.

సుత్తి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మళ్లీ ఐసు అదిమింది.

"వినవే," అన్నాడు రహస్యంగా. "ఈసారి నిలబడే తీరే మార్చేస్తా. కుడి భుజం ముందుకి పెడతా. ఎడమపక్క వాడికి అందనే అందదు. బక్కోడు బిక్కమొహం వేయాల్సిందే! కుడి డొక్క కాస్త ఖాళీ అవుతుందనుకో. అది వాడి బుర్రకి తట్టేలోపు పడుకోబెట్టేస్తా. ఇది మూడో మనిషికి తెలియకూడదు."

"ఎవరు చెబుతారండీ?"

"అవున్లే. ఇక నన్ను కనిపెట్టుకుని ఉండేది నువ్వొక్కదానివే."

ఎడమపక్కన కూర్చుంది కాబట్టి ఆమె మొహం అతనికి కనబడలేదు.

అతను గోడ పట్టుకుంటూ స్నానానికి వెళ్లాడు. తలుపు గడియ పడింది. కుళాయి నీళ్ల చప్పుడు మొదలైంది.

ఆమె తడి చేతులు తుడుచుకుని, ఫోను తీసి, మొన్న నొక్కిన నంబరే మళ్లీ నొక్కి, "ఈసారి కుడి డొక్క బాబూ," అంది మెల్లగా, "మొహం జోలికి మాత్రం పోనని మళ్లీ ఒట్టెయ్."