నాది కాని ఖాతా

"మళ్ళీ అదే కల. ఒడ్డున నేనే ఉన్నాను, పడవలోనూ నేనే ఉన్నాను. పడవలోవాడు చెయ్యి ఊపుతున్నాడు," అన్నాడు బైండరు, చెప్పులు తొడుక్కుంటూ.

"ఈత రాని మనిషికి పడవ కలలు," అంది భార్య. అప్పుడే మరిది ఫోటో ముందు దీపం వెలిగించి వచ్చింది. పదకొండేళ్ళ కిందట వరదలో కొట్టుకుపోయాడతను, మనిషి దొరకలేదు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఫోటోనీ బైండరునీ మార్చి మార్చి చూసి, ఎదురుగా ఉన్న మనిషికి దీపమేమిటని తెల్లబోతారు. కవలలు మరి. ఒకే అచ్చున ఇద్దర్ని తీసి, ఒకణ్ణే దేవుడెందుకు వెనక్కి తీసుకున్నాడో ఆమెకు అంతుపట్టదు. అయినా దీపం మానదు.

ఆ పూట ఇద్దరికీ వేరే పని ఉంది. పుస్తకాల అంచులు కోసే మిషను విరిగి నెలయింది. బళ్ళు తెరిచేలోగా కొత్తది రాకపోతే నోటుపుస్తకాల పనంతా పక్కవీధికి పోతుంది, తర్వాత దుకాణానికి తాళమే. బ్యాంకువాళ్ళు అప్పు కుదరదన్నారు. మీ పేరున ఎక్కడో వాయిదాలు తప్పాయి, ముందు మీ క్రెడిట్ రిపోర్టు చూసుకోండి అన్నారు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్క అప్పూ చేసినవాడు కాదు.

జిరాక్సు షాపు అమ్మాయి వాళ్ళను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇస్తారని, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దని చెబుతూనే అతని పేరు, పుట్టినతేదీ కొట్టింది. ఫోనుకొచ్చిన అంకెలు అతను చదివి చెప్పాడు.

"వీధిలో అందరూ పెద్దోడనే అంటారు. ఇంత మంచి పేరుందని నాకు తెలీదే బాబాయ్."

భార్య నవ్వింది. "ఆ పేరుకో కథుందమ్మా. తాతలిద్దరిదీ ఒకే పేరు. మనవడికి పెట్టింది నా పేరంటే నా పేరని ఒకటే గొడవట. రెండోవాడికీ అదే పెట్టేసి తగువు తీర్చారు. తమ్ముడు బడి ఎగ్గొడితే తన్నులు ఈయనకి."

తెర మీద అక్షరాలు నీళ్ళలోంచి పైకొచ్చినట్టు ఒక్కొక్కటే తేలాయి. అతని పేరు, ఇల్లు, ఫోను. వాటి కింద ఎప్పుడూ వినని ఓ రేవు చిరునామా. నాలుగేళ్ళ కిందట తీసుకున్న పడవ రుణం. మూడు వాయిదాలు తప్పినట్టు ఎర్ర గుర్తులు.

"మీ పేరు వాడుకుని ఎవడో అప్పు చేశాడు బాబాయ్. ఈ ఖాతా నాది కాదని ఇక్కడ నొక్కండి. పైసా ఖర్చు లేదు. నెల రోజుల్లో తేల్చి తీసేస్తారు."

"నొక్కండి," అంది భార్య. "వాడి చేతులు పడిపోను. మన మిషను వాడి కడుపులో ఉంది."

అతను మౌసు మీద చెయ్యి వేశాడు. వెయ్యడం వేశాడు గానీ, చూపు ఎర్ర గుర్తుల దగ్గరే ఆగింది. వాటి తర్వాత నెలనెలా, జరిమానాతో సహా, పోయిన నెల దాకా కట్టినట్టుంది.

"దొంగ ఎవడైనా జరిమానా కడతాడా?" అన్నాడు.

పుట్టినతేదీ కూడా సరిగ్గా బాబాయిదే పెట్టాడు చూశారా, ఎంత తెలివైనవాడో అంది ఆ అమ్మాయి.

అతను మౌసు వదిలేశాడు. బయట వీధి చప్పుడు ఎక్కడో దూరాన అలల్లా వినిపించింది.

"ఆ చిరునామా ఉన్న కాగితం ఒక్కటి ప్రింటు తియ్యమ్మా," అన్నాడు.

"ఏమైందండీ?" భార్య అతని భుజం పట్టుకుంది. అతను ఆమె వైపు తిరిగాడు.

"రేపట్నుంచి తమ్ముడి ఫోటో ముందు దీపం పెట్టకు."