పడని సుద్దముక్క

“ఏటిరా అల్లుడూ, ఇంకా పడదేటి?” అని సొలొమోను చెవిలో గొణిగేసరికి జీవన్ కుమార్‌కి చెమట రెట్టింపైంది.

మామూలుగా మనిషికి కష్టమొస్తే కాళ్ళ కింద భూమి కదిలిపోయినట్టుంటుంది. పలాసలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పే జీవన్ కుమార్‌ది తిరకాసు కష్టం. తిరుగుతోంది చూడండి అని తను నలుగుర్నీ పిలిచి చూపిస్తున్న భూమి, తీరా సమయానికి తిరగనని మొండికేసి కూర్చుంది.

మందస దగ్గరి ఆ ఊళ్ళో బాప్టిస్టు మందిరం దూలమంత ఎత్తు దూలం చుట్టుపక్కల ఇంకోటి లేదు. దానికి పొడుగాటి తీగ కట్టి, ఇనుప గుండు వేలాడదీసి ఊపాడు. భూమి తిరుగుతుంది కాబట్టి గుండు ఊగే దారి కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుందనీ, అరగంటకల్లా నేల మీద నిలబెట్టిన సుద్దముక్కని తగిలి పడేస్తుందనీ అందరికీ చెప్పాడు. అరగంట దాటిపోయింది. గుండు జరగలేదని కాదు, జరిగింది. కానీ సుద్దముక్కకి రెండు వేళ్ళ ఇవతలే ఊగుతోంది. పైగా ఊపు తగ్గిపోతోంది. ఇంకాసేపైతే అంత దూరం రానే రాదు.

సొలొమోను ఆ మందిరానికి సంఘపెద్ద. సొంత మేనమామ కాబట్టి తాళం ఇచ్చాడు గానీ, భూమి తిరుగుతుందంటే ఆయనకి ఈనాటికీ నమ్మకం లేదు.

ముందు బెంచీ మీద, సుద్దముక్క దగ్గరగా కనబడేలా, ప్రొఫెసర్ జగదీశ్వరరావుని కూర్చోబెట్టారు. భౌతికశాస్త్ర అధ్యాపకుల జాతీయ సంఘం తరఫున విశాఖపట్నం నించి వచ్చిన పెద్దమనిషి. ఆ సంఘం ఏటా దేశమంతటా ఇంటర్ పిల్లలకి ఒక పరీక్ష పెడుతుంది. ఈ ప్రాంతం పిల్లలు రాయాలంటే విశాఖ పోవాల్సిందే. ఈ ప్రదర్శన నెగ్గితే పలాసకే పరీక్షా కేంద్రం ఇప్పిస్తానని ఆయన మాటిచ్చాడు.

అది కావలసింది జీవన్ కుమార్‌కి కాదు, ప్రమోదినికి. సుమ్మాదేవిలో జీడితోటల రైతు వైకుంఠరావు కూతురు. లెక్క ఇచ్చి ఇటు తిరిగేలోపు జవాబు చెప్పే పిల్ల. ఆడపిల్లని అంత దూరం పంపనని పోయినేడు తండ్రి అడ్డం పడితే, పాపం, స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు జీవన్ కుమార్ గుండెల్లో అలాగే ఉండిపోయింది.

“భూమి ఈ యేల సెలవెట్టినట్టుంది మాస్టారూ,” అన్నారు వెనకనించి ఎవరో. గుండుకి గాలి తగలకుండా ఫ్యాన్లు ఆపేసి, తలుపులూ కిటికీలూ మూసేసిన ఆ ఉక్కలో జనానికి నవ్వుకోవడానికి ఆ మాత్రం చాలు. ప్రమోదిని మాత్రం తల దించుకుంది. బస్సు పోతుందని కూతురి చెయ్యి పట్టుకుని వైకుంఠరావు లేచాడు. ఆయన్ని చూసి మరో నలుగురు లేచారు. అయిపోయింది అనుకున్నాడు జీవన్ కుమార్.

అప్పుడు సొలొమోను వేదిక ఎక్కాడు.

“కూకోండి బావూ. మందిరంలోకొచ్చి పార్థన నేకుండా ఎల్తారేటి? అందరూ కళ్ళు మూసుకోండి.”

జీవన్ కుమార్‌కి చచ్చినంత సిగ్గేసింది. ఫిజిక్సు ప్రయోగం మధ్యలో ప్రార్థనా! ప్రొఫెసర్ గారు ఏమనుకుంటారు? కానీ మేనమామకి ఎదురు చెప్పే నోరు చిన్నప్పటినించీ లేదు. కళ్ళు మూసుకున్నాడు. లేచినవాళ్ళు కూడా మర్యాదకి కూర్చున్నారు.

సొలొమోను వానలతో మొదలుపెట్టాడు. జీడిపూత నిలవాలన్నాడు. వేటకెళ్ళిన పడవలు క్షేమంగా ఒడ్డు చేరాలన్నాడు. ఉద్దానంలో కిడ్నీలు పాడై మంచాన పడ్డవాళ్ళని ఊరూరా పేర్లు చెప్పి తలుచుకున్నాడు. అక్కడితో ఆపుతాడనుకుంటే టెక్కలి రోడ్డు గోతుల మీదికి వెళ్ళాడు. అక్కణ్ణించి ఢిల్లీ వెళ్ళి ప్రభుత్వానికి మంచి బుద్ధి అడిగాడు. ముసలాయనకి ఏమైందిరా దేవుడా అని జీవన్ కుమార్ పళ్ళు బిగబట్టాడు.

టక్‌మని చిన్న చప్పుడు.

“ఆమెన్,” అన్నాడు సొలొమోను.

కళ్ళు తెరిస్తే సుద్దముక్క పడి ఉంది. మందిరం చప్పట్లతో దద్దరిల్లింది. జగదీశ్వరరావు లేచి, వచ్చే నవంబరు పరీక్ష పలాసలోనే అని ప్రకటించేశాడు. పలాసే అయితే సైకిలెక్కించి తనే దింపుతానన్నాడు వైకుంఠరావు. ప్రమోదినికి నవ్వు ఆగలేదు.

జీపు దగ్గర ప్రొఫెసర్ జీవన్ కుమార్ భుజమ్మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

“ఆ అరగంట లెక్క ఢిల్లీకి వేసిందయ్యా. మా సంఘం పంపిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు దింపేసినట్టున్నావు. మనం దక్షిణాన ఉన్నాం, గుండు దారి ఇక్కడ ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. ఈసారి మన పలాసకి లెక్కేసుకో.”

జీపు వెళ్ళిపోయింది. జీవన్ కుమార్ ఉన్నచోటే నిలబడిపోయాడు. లెక్క తప్పైతే సుద్దముక్క పడకూడదు. మరి పడిందే! ఎవరి పనో తెలిసిపోయింది. పరుగున మందిరంలోకి వచ్చాడు. సొలొమోను కిటికీలు తెరుస్తున్నాడు.

“మావయ్యా, నిజం చెప్పు. మా కళ్ళు మూయించి నువ్వే పడేసినావు కదూ? అది మోసం కాదేటి?”

“నానెక్కడున్నాను, అదెక్కడుంది? నా సెయ్యి అక్కడికందుతాదేటి?”

“మరెవరు?”

సొలొమోను చివరి కిటికీ రెక్క తోసి, తాపీగా ఇటు తిరిగాడు.

“కూకున్నసోటినించి కదలకుండా మీ ఇశాపట్నం సారు కాలి బొటనేలు ఆ సుద్దముక్క కాడికి ఎల్లడానికి అంతసేపు పట్టీసింది మరి. నేకపోతే, టెక్కలి రోడ్డు కోసం కూడా పార్థన సేత్తానేటిరా!”