మూడో సెకను

పన్నెండు మందిలో పదకొండు మంది పద్నాలుగు అని రాశారు. భావన ఒక్కతే పది అని రాసింది.

జియావుద్దీన్ సార్ పేపర్ల కట్ట బల్ల మీద పెట్టి, ఒకటి మాత్రం విడిగా తీసి గాల్లో ఊపారు. అది ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో ఒక పాత బిల్డింగు మొదటి అంతస్తులో తెలుగు సంఘం వాళ్ళకో చిన్న హాలుంది. ప్రతి శుక్రవారం పొద్దున సార్ అక్కడ పదకొండో తరగతి పిల్లలకు ఉచితంగా ఫిజిక్స్ చెబుతారు. జుమ్మా నమాజు వేళకు వదిలేస్తారు. ఆయనది మెట్‌పల్లి. దోహా వచ్చి చాలా ఏళ్ళయినా యాస మాత్రం వీసా మార్చుకోలేదు.

ఆయన క్లాసంటే ఒక్క కాగితం. దాని మీద అరవై నాలుగు ఫార్ములాలు. అన్నీ ఆయనే స్వయంగా టైపు చేసినవి.

"కండ్లు మూస్కొని బట్టీ పట్టుండ్రి. ఎందుకు, ఎట్ల అని అడిగెటోళ్ళు నాకొద్దు" అంటారు మొదటి రోజే.

పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? ఎక్కాల్లా వల్లె వేసేశారు. అంజి అయితే కింది నుంచి పైకి కూడా గడగడా అప్పజెప్పగలడు. పక్కన నిలబడి వింటే మనకే కళ్ళు తిరుగుతాయి.

భావనకు మాత్రం ఆ కాగితం కొరుకుడు పడలేదు. అలాగని జ్ఞాపకశక్తి లేని పిల్లేమీ కాదు. ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియని ఫార్ములాను నమ్మబుద్ధి కాదు, అంతే. ప్రతి లెక్కకూ మొదటి నుంచి మొదలుపెట్టి, ఫార్ములాను తనే రాబట్టుకుని, అప్పుడు గానీ జవాబు జోలికి పోదు. ఈలోగా టైము అయిపోతుంది. పోయిన రెండు టెస్టుల్లోనూ అందరికన్నా తక్కువ మార్కులు ఆ పిల్లవే.

"ఇగ సూడు బిడ్డా" అన్నారు సార్ పోయిన వారం. "ఈసారి గూడ తప్పితే వచ్చే శుక్రవారం సంది రాకు. నీ సీటు కోసం బయట ఇంకో నలుగురు ఎదురు చూస్తున్నరు."

ఆ మాట భావన ఇంట్లో చెప్పలేదు. ఎలా చెబుతుంది? వాళ్ళ బాపు తిరుమల్ ఒక కంపెనీలో బస్సు డ్రైవరు. వారానికి దొరికేది ఒక్క సెలవు. ఆ రోజు కూడా నిద్ర మానుకుని, అల్ వక్రాలోని ఇంటి నుంచి కూతుర్ని మెట్రోలో తీసుకొచ్చి, కింద టీ కొట్టు దగ్గర కాపలా కూర్చుంటాడు. వేరే ట్యూషన్ పెట్టించే స్తోమత ఆయనకు లేదు. ఈ క్లాసు పోతే భావనకు ఫిజిక్స్ పోయినట్టే.

"పది అంట!" అన్నారు సార్. పిల్లలు కిసుక్కున నవ్వారు.

ప్రశ్న చిన్నదే. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారు కదిలింది. త్వరణం నాలుగు. మూడో సెకను ఒక్కదాంట్లో ఎన్ని మీటర్లు పోయింది?

"సార్, షీట్ల ఉన్న ఫార్ములాల ఏస్తే పద్నాలుగే వస్తది" అన్నాడు అంజి ఉత్సాహంగా.

"ఇన్నవా బిడ్డా? అందరిదీ ఒక తొవ్వ, నీదొక తొవ్వ. వచ్చి బోర్డు మీద చెయ్యి. తప్పయితే అటే ఇంటికి పో."

భావన మార్కరు పట్టుకుంది. బోర్డు మీద రెండు గీతలు గీసింది.

"మూడు సెకన్లకు మొత్తం పద్దెనిమిది మీటర్లు సార్. అండ్ల మొదటి రెండు సెకన్లయి ఎనిమిది. తీసేస్తే మిగిలింది మూడో సెకనుదే. పది."

"మరి షీటు?"

"షీట్ల... మైనస్ ఉండాల్సిన కాడ ప్లస్ ఉన్నది సార్."

అంజి నోరు తెరిచి, మూయడం మర్చిపోయాడు.

"నేను టైపు చేసిందాన్నే తప్పంటవా?"

"అవును సార్. పద్నాలుగంటే అది నాలుగో సెకనుది."

సార్ కళ్ళద్దాలు తీశారు. చొక్కా అంచుతో తుడిచారు. ఎంతసేపటికీ తుడుస్తూనే ఉన్నారు. తర్వాత బ్యాగు జిప్పు లాగి, కొత్త కాగితాల కట్ట ఒకటి తీసి అంజి చేతిలో పెట్టారు.

"టైపింగుల తప్పు వొయింది. గిది సక్కటిది, అందరికి పంచు. పాతది చింపి పారెయ్యుండ్రి. యల్లా, ఇయ్యాల్టికి ఇగ పోండ్రి."

పిల్లలు లేచారు. భావన కూడా బ్యాగు భుజాన వేసుకోబోయింది.

"నువ్వాగు. కిందికి ఫోన్ చేసి మీ బాపును రమ్మను."

అయిపోయింది, అనుకుంది భావన. లెక్క కరెక్టే. కానీ అంత పెద్ద మనిషిని అందరి ముందూ తలదించుకునేలా చేసింది. లెక్కకు మార్కులు పడినా, ఈ నోటి దురుసుకు క్లాసు ఊడేలా ఉంది.

తిరుమల్ మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు. కూతురి ముఖం చూడగానే ఆయనకు సంగతి సగం అర్థమైంది. మిగతా సగం తప్పుగా అర్థమైంది.

"సార్, చిన్న పిల్ల. ఏమన్న ఎక్కువ తక్కువ మాట్లాడితే మాఫ్ చెయ్యుండ్రి. గీ కిలాసు ఒక్కటి మాత్రం..."

సార్ ఆయన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నారు.

"తిరుమల్ భాయ్, పన్నెండేండ్ల సంది ఏటా ఒక్క ఫార్ములా కావాల్నని తప్పు టైపు చేసి పిల్లలకిస్తున్న, ఇది తప్పు సార్ అని నా మొకం మీద చెప్పింది నీ బిడ్డ ఒక్కతే!"