కొటేషన్ల నడుమ

"ఇంకోతూరి చూడు సెల్వీ. కింద నుంచి చూడు," అంది మధుమిత.

సెల్వి కింద నుంచి చూసింది. పై నుంచి చూసింది. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితంలో ఎనిమిది పేర్లున్నాయి. మధుమిత పేరుంది. వేలు పేరు కూడా ఉంది! పది ప్రశ్నల్లో ఒక్కటంటే ఒక్కటి రాసి, టీ తాగాలని లేచిపోయిన మహానుభావుడు వేలు. సెల్వి పేరు మాత్రం యాడా లేదు.

"వాడెట్ల పాసయినాడే?" అంది సెల్వి.

"వాళ్ళ మామ ఆ బెంగళూరు కంపెనీలోనే సెక్యూరిటీ అంట. చెప్పించినాడేమో."

ఆ కంపెనీ కోసమే ఈ పరీక్ష. హోసూరులో ఈ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటు పెట్టి రెండేళ్ళయింది. కంప్యూటరుకు పని చెప్పే స్క్రిప్టులు రాయడం వచ్చినవాళ్ళు కావాలని ఒక కంపెనీ అడగడం ఇదే మొదలు. నూటికి నలభై దాటితే చాలు, ఉద్యోగం. సెల్వికి ఇది దక్కకపోతే ఇంకో దారి లేదు. వాళ్ళ ఊరు తళిలో అమ్మ మద్దమ్మ పదేళ్ళుగా రోజాపూల షెడ్డులో పూలు కోస్తా ఉంది. ముల్లు గీసుకోని చోటు ఆమె చేతుల మీద లేదు. "ఈ ఒక్కతూరే మే. రాలేదంటే సోమవారం నుంచి నువ్వూ షెడ్డుకు రావాల. నా ఒక్కదానివల్ల ఇంక కాదు," అని తెగేసి చెప్పింది.

సెల్వికి నమ్మబుద్ధి కాలేదు. ఎట్లవుతాది మరి? పరీక్షనాడు తళి బస్సులో మధుమితకు పాఠం చెప్పింది తనే!

"కమాండు పక్కన దానికి అందించే పారామీటరుగా 2+3 అని ఇచ్చినావనుకో, అది ఐదు కాదే. 2+3 అనే పోతాది. బ్రాకెట్లో పెడితేనే లెక్క కట్టి, ఐదు చేసి పంపిస్తాది."

"సరే. మరి ఈ చిన్నది, పెద్దది అనేది?"

"కొటేషన్ల నడుమ ఉండే అంకె అంకె కాదు, ఉత్త రాత. ఎడమపక్క రాత ఉంటే కుడిపక్క అంకెను కూడా రాత చేసేసి పోలుస్తాది. డిక్షనరీ మాదిరి మొదటి అక్షరం చూస్తాది. అందుకే ఆడ పది కన్నా తొమ్మిది పెద్దది."

మధుమిత పకపకా నవ్వింది. "అయితే ఒకటితో మొదలయ్యేదంతా చిన్నదేనా?"

"అంతే. ఎంత పొడుగున్నా అంతే. ఇంకోటి, ఫైల్లోంచి చదివిందంతా రాతే. మనం కొటేషన్లు పెట్టకపోయినా సరే. అది మరిచిపోయినావంటే కొంప మునుగుతాది."

నేర్చుకున్నది పాసయింది. నేర్పించింది ఫెయిలయింది. ఇదేం ఖర్మ!

సెల్వి ఉండబట్టలేక ఇన్‌స్టిట్యూటు నడిపే శరవణన్ సారు గదిలోకి పోయింది.

"సార్, సిఫార్సు ఏమన్నా జరిగిందా?"

"ఛ, ఛ, అట్లనొద్దమ్మా. పేపర్లు బెంగళూరులోనే దిద్దినారు. ఆ మీద మనిషి చెయ్యే పెట్టలేదంట. మార్కుల ఫైలు మీద చిన్న స్క్రిప్టు నడిపితే, నలభై దాటినోళ్ళ పేర్లు అదే తీసి ఇచ్చిందంట."

"నా మార్కులెన్ని సార్?"

"నాకు పేర్లే పంపించినారు. ఫెయిలయినోళ్ళ మార్కులు చెప్పరంట." సారు ఆమె మొహం చూడలేక బల్ల మీది కాగితాలు సర్దినాడు. "నాకూ ఆశ్చర్యంగానే ఉంది. పరీక్షనాడు భయపడినావేమో. మిషనుకు నువ్వూ ఒకటే, వేలూ ఒకటే కదమ్మా."

నిజమే కదా అనిపించింది సెల్వికి. మనుషులైతే పక్షపాతం చూపిస్తారు, దానికేం పని? అంటే తనకే ఏమీ అర్థం కాలేదన్నమాట. అర్థమయిందని ఇన్నాళ్ళూ మిడిసిపడింది. బస్సులో కిటికీ పక్కకు తిరిగి, ఊరొచ్చేదాకా ఏడ్చింది.

ఇంట్లో నోటుపుస్తకం తీసి తల్లి చేతిలో పెట్టింది. "పొయ్యి అంటించుకోమ్మా."

మద్దమ్మ రెండు కాగితాలు చించి పొయ్యిలో పెట్టింది.

సోమవారం సెల్వి షెడ్డుకు పోయింది. తరువాత మంగళవారం, బుధవారం. రెండు నెలలకంతా ఆమె చేతులూ తల్లి చేతుల మాదిరే అయినాయి. కంప్యూటరు మాట ఎవరన్నా ఎత్తితే పక్క వరసకు పోయేది.

ఒక ఆదివారం మధుమిత షెడ్డు దగ్గరికే వెతుక్కుంటా వచ్చింది.

"వేలును పనిలోంచి తీసేసినారే. వాడికి ఏమీ రాదని తెలిసిపోయింది. ఎట్ల పాసయినాడని పాత ఫైలు తీసి చూస్తే, తొమ్మిది మార్కులు!"

సెల్వి చేతిలో కత్తెర ఆగింది. ఎన్నాళ్ళకో బస్సులో చెప్పిన పాఠం నోటికి వచ్చింది. "ఫైల్లోంచి చదివినారు... రాత. నలభై కన్నా తొమ్మిది పెద్దది. అయ్యో దేవుడా, అంత చిన్న తప్పా?"

"అదే. నీ కోసం మేనేజరును అడిగినాను సెల్వీ. కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాను. వాడి సీటుతో సహా అన్నీ నిండిపోయినాయి, ఇంక ఎవరినీ తీసుకోము అన్నాడు. హోసూరులో మన ఇన్‌స్టిట్యూటు కూడా మూసేసినారు."

"నా కోసం ఎందుకడిగినావు? వాడు తప్పుగా పాసయితే నాకొచ్చేదేముంది? నాకు నలభై రాలేదు కదా," అంది సెల్వి. మళ్ళీ కత్తెర ఆడించింది.

మధుమిత సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. తల ఎత్తలేదు. పక్క వరసలోంచి మద్దమ్మ, "ఏముందే దాంట్లో?" అని కేకేసింది.

సెల్వి చేతులు పావడాకు తుడుచుకొని కాగితం విప్పింది.

ఆమె పేరు పక్కన 100 ఉంది.